బిడ్డతో తూగే గుమ్మడికాయ

మా అత్త దేవుడికి మాట ఇచ్చే ముందు ఎవరినీ అడగలేదు. నన్ను అడిగి ఉంటే బెల్లం మొక్కుకోమని చెప్పేదాన్ని. బెల్లం ఏ అంగట్లోనైనా దొరుకుతుంది, ఎంత కావాలంటే అంత తూచి ఇస్తారు, వద్దనే దేవుడు లేడు. ఆమె గుమ్మడికాయ అన్నది. అదీ ఒకటే కాయ. అదీ మా చేను మట్టిలో పండిన కాయ. నోరు జారి అన్న ఆ మాట ఏళ్ళ తరబడి మా ఇంట్లో కూర్చుంది.

మా బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. పావగడలో చూసి, ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. అక్కడ గాజు పెట్టెలో పెట్టారు. నేను మంచం దిగలేని స్థితిలో ఉన్నాను. మా ఇంటాయన మందుల కోసం తిరుగుతున్నాడు. అద్దానికి ఇవతల నిలబడి బిడ్డను చూస్తూ ఉన్నది అత్త ఒక్కతే. అక్కడే కొంగు పట్టుకుని మా ఇంటి దేవుడికి మొక్కింది. "సామీ, ఈ బిడ్డను నిలిపితివంటే, మా మందచేలో పండిన ఒక్క గుమ్మడికాయను బిడ్డ తూకానికి తూచి నీ గుళ్ళో పెడతా" అని. ఈ సంగతి తర్వాత ఆమే నాకు చెప్పింది. లోకంలో ఇన్ని ఉండగా గుమ్మడికాయే ఎందుకు గుర్తొచ్చిందని అడిగాను. బిడ్డను చూస్తే అప్పుడే పువ్వు రాలిన పిందె మాదిరి ఉందని, నోటికి అదే వచ్చిందని అన్నది.

మందచేను అనేది మా పొలం పేరు. మా ఇంటాయన ముత్తాతల కాలంలో వీళ్ళు గొర్రెలు కాసినవాళ్ళు. తర్వాత సేద్యంలోకి దిగినా గొర్రెను మరిచిపోలేదు. ఏటా వేసవిలో గొర్రెల మందను పిలిపించి రాత్రిళ్ళు ఆ చేలో పడుకోబెట్టేవాళ్ళు. దాన్ని మంద కట్టడం అంటారు. పగలంతా మేసి వచ్చిన గొర్రెలు రాత్రి వేసే పెంట, పోసే మూత్రం నేలలోకి దిగుతాయి. ఈ రాత్రి ఈ మూలన, రేపు పక్క మూలన, అలా చేనంతా తిప్పుతారు. మా ఊరు వల్లూరు చుట్టుపక్కల నేల ఎర్ర గరుసు. మా చేను మట్టి మాత్రం పిడికిట పడితే ముద్దయ్యేది. వేరుశనగ వేసినప్పుడు గట్ల వెంబడి అత్త గుమ్మడి గింజలు కూడా వేసేది. బిడ్డ పుట్టినప్పుడు ఎంత తూగిందో అంతకు రెండింతలు తూగే కాయలను మేము ఊరికే పంచిపెట్టిన రోజులు ఉన్నాయి. అందుకే అత్త తన మొక్కు చాలా చిన్నది అనుకుంది. ఆ ఏడే తీర్చేద్దామనుకుంది.

కానీ మా ఇంటి దేవుడి దగ్గర ఒక వరస ఉంది. ముందు బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలి, ఆ తర్వాతే తక్కెడ ఎక్కించాలి. బిడ్డకు ఏడాది నిండకముందే మా మామ చనిపోయాడు. ఇంట్లో మనిషి పోయిన ఏడు శుభకార్యం చేయరు. అది గడిచేసరికి బిడ్డకు సరి సంవత్సరం నడుస్తోంది, పుట్టువెంట్రుకలకు బేసి సంవత్సరం కావాలి. ఆ బేసి సంవత్సరం వచ్చేలోపల మా చేను సోలార్ పార్కులోకి పోయింది.

ఎవరూ లాక్కోలేదు. ఊరంతా సంతకాలు పెట్టింది, మేమూ పెట్టాం. ఏటా కౌలు వస్తోంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వాన రాక ఎండిపోయిన వేరుశనగ చెట్లు పీకి కుప్ప వేసిన చేతులు నావి, ఆ కష్టాన్ని తలచుకుని పాటలు పాడే ఓపిక నాకు లేదు. పార్కులో మా ఇంటాయనకు సెక్యూరిటీ పని దొరికింది. నాకు ప్యానళ్ళ మధ్య గడ్డి కోసే పని దొరికింది. ఊరందరూ కంచె పడేటప్పుడు కౌలు గురించి మాట్లాడుకుంటుంటే, మా అత్త ఒక్కతే గట్టు మీద నిలబడి, "ఇప్పుడు గుమ్మడికాయ యాడ పండించేది?" అని అడిగింది. విన్నవాళ్ళు నవ్వారు.

మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించాం. అప్పుడు పూజారి మా అవస్థ విని, "చేను లేదంటే ఏం చేస్తావుమ్మా, బెల్లమో కొబ్బరో తూచి తీర్చుకో, సామి ఏమనుకోడు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మా విషయంలో పూజారి కూడా ఇచ్చేశాడు, ఒప్పుకోనిది మా అత్త.

"గుమ్మడికాయ అన్నాను. మన చేను మట్టి అన్నాను. అన్నది అనలేదని ఎట్ల చెప్పేది?" అన్నది ఆమె.

"ఆ సామి ఏమన్నా సర్వే నంబరు అడుగుతాడా అత్తా?" అన్నాను.

"అడిగితే?"

నేను అంత భక్తురాలిని కాను. అయినా గాజు పెట్టెలో ఉన్న బిడ్డ నా బిడ్డ. ఆమెకు జ్వరం వచ్చినప్పుడల్లా నేను డాక్టరు దగ్గరికి పరుగెత్తేదాన్ని, అత్త దేవుడి గూటి ముందు కూర్చుని, "తీరుస్తా సామీ, కొంచెం ఓర్చుకో" అని బతిమాలేది. జ్వరం తగ్గేది. ఎవరి వల్ల తగ్గిందో తేల్చే ధైర్యం నాకు ఉండేది కాదు.

మట్టి సంగతి మా ఇంటాయన తీర్చాడు. పార్కులో కేబుళ్ళు వేయడానికి కాలువలు తవ్వుతున్నారు. మా చేను ఉన్నచోట తవ్విన మట్టి కుప్పగా పడి ఉంటే, అక్కడి మేస్త్రీని అడిగి, రోజూ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు సిమెంటు సంచిలో నింపి బండి మీద తెచ్చేవాడు. ఇంటి వెనక దొడ్లో చిన్న గుట్ట అయింది. అత్త గుప్పెడు తీసుకుని వాసన చూసింది. చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"మనదే. కానీ అడుగు మట్టి. పొద్దు చూడని మట్టి ఇది. పైమట్టి యాడికి పోయినాదో" అన్నది.

చదును చేసే యంత్రాలు పైమట్టిని ఎప్పుడో ఎటో తోసేశాయి. గొర్రెలు ఏళ్ళ తరబడి చేసిన మట్టి అది. మాకు దొరికింది దాని కింద ఉన్న గరుసు. మొదటి ఏడు అందులోనే గింజలు వేశాం. తీగ మూరెడు సాగి పసుపుబారింది. వచ్చిన ఒక్క పిందె గోలీకాయంత ఉండగానే రాలిపోయింది. అత్త దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నాకు జాలి వేసింది, విసుగూ వచ్చింది.

"పైమట్టి మీ తాతలు చేసినారు. ఇది మనం చేసుకోవాల" అని ఆమె మరునాడు కొడుకుతో చెప్పింది.

దానికి గొర్రెలు కావాలి. మేత భూములు కంచె లోపలికి పోయాక మా ఊళ్ళో మందలు పలచబడ్డాయి. మా ఇంటాయన క్యాతగానచెర్లు దాకా పోయి ఒక గొర్రెల ఆయన్ను బతిమాలి పిలుచుకొచ్చాడు. ఆయన మా దొడ్డిని చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"చేను యాడుండాదక్కా? దొడ్లో మంద కట్టేదేంది? నేను యాడా చూడలేదే!"

"మా చేను దొడ్లోకి వచ్చేసినాది లేప్పా. కట్టు" అన్నది అత్త.

మందను దొడ్లో కుక్కాడు. ఇరుగుపొరుగు ముక్కులు మూసుకున్నారు. నేను వాళ్ళతో రోజుకొక పోట్లాట పెట్టుకున్నాను. ఇంట్లో అత్త మీద ఎగిరినా, బయటివాళ్ళు ఆమెను ఒక మాట అంటే నాకు పట్టరాదు. గొర్రెలు వెళ్ళిపోయేసరికి ఆ గరుసు మీద జానెడు మందాన పెంట పరుచుకుని ఉంది.

మంద ఎరువు వేడి చేస్తుంది. ఒక వాన తిని చల్లారిన తర్వాతే గింజ పెట్టాలి. గొర్రెల ఇంట్లో పుట్టి గొర్రెల ఇంట్లో మెట్టిన మా అత్తకు ఇది వేరే చెప్పాలా? అయినా ఆగలేదు. బిడ్డ పెరుగుతోంది కదా. వాన కోసం చూడకుండా మట్టి కలిపి, నీళ్ళు పోసి, గింజలు పెట్టేసింది. తీగ లేచింది చూడండి, దొడ్డి గోడ ఎక్కి, పక్కింటి రేకుల మీదికి పాకింది. ఒక్కో ఆకు విస్తరి అంత. పూలు విరగబూశాయి, అన్నీ మగపూలే. పేరుకు ఒక్క పిందె నిలవలేదు. తీగకు మదమెక్కిందని ఊళ్ళో ఆడవాళ్ళు చూసి పోయేవాళ్ళు. "గుమ్మడాకు కూర అన్నా తిందురు గాని" అని నేను తలా ఇంత కోసి పంపించాను. అత్త ఆ రోజుల్లో నాతో కూడా సరిగా మాట్లాడలేదు.

అప్పటినుంచే తూకాలు మొదలయ్యాయి. నెలనెలా రేషన్ తెచ్చుకోవడానికి పోయినప్పుడు అత్త బిడ్డను వెంట తీసుకుపోయేది. బియ్యం తూచే కాటా మీద నిలబెట్టి, "ఎంత ఉండాదప్పా?" అని అడిగేది. ఆ అంకె విని, "మళ్ళా పెరిగినావే పాపా" అనేది. గాజు పెట్టెలో చూసిన బిడ్డ కదా, ఆమెకు అది సంతోషమే. కాయ ఇంకెంత పెద్దది కావాలో అన్న దిగులు కూడా ఆ మాటలోనే ఉండేది. మేము ఇంట్లో దాన్ని వేళాకోళం చేసుకునేవాళ్ళం. బిడ్డ ఇంకో ముద్ద అడిగితే మా ఇంటాయన, "వేసుకో తల్లీ, మీ అవ్వ ఇంకో సంచి ఎరువు వేస్తాదిలే" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. బిడ్డ కూడా నవ్వేది.

తర్వాతి ఏడు అత్త తొందరపడలేదు. ఎండాకాలంలోనే మోకాలి లోతు గుంత తవ్వించింది. అడుగున వేరుశనగ పొట్టు, కంది కట్టె ముక్కలు పరిచింది. నీళ్ళు నిలవకుండా, వేరుకు ఊపిరి ఆడేలా. దాని మీద పచ్చి కానుగాకు. దాని మీద ఏడాదిగా చల్లారిన మంద ఎరువు. దాని మీద మందచేను మట్టి. చెరువు ఎండి ఉంది కాబట్టి అక్కడి నల్లమట్టి కూడా తెచ్చి అందులో కలిపింది. మళ్ళీ ఆకు, మళ్ళీ ఎరువు, మళ్ళీ మట్టి. ఒక్కో వరస మీద పేడనీళ్ళు చల్లేది. బెల్లం, ఉలవపిండి, గోమూత్రం కలిపి కుండలో పులియబెట్టి అవీ పోసేది. దేవుడికి ఇవ్వనన్న బెల్లాన్ని మట్టికి పెడుతోందని నేను అన్నాను. ఆమె కుండలోంచి ఇంకో చెంబు ముంచి పోసింది.

గుంత నిండాక గడ్డపారను అందులో దించి వదిలేసేది. కాసేపటికి బయటికి లాగి, కొసను అరచేత్తో పట్టుకునేది. వేడి తగిలితే, "ఇంకా ఉడుకుతాండాది" అని మళ్ళీ గోనెసంచి కప్పేది. వాన పడి, గడ్డపార చల్లగా వచ్చి, గుప్పెట్లో వానపాము కనబడిన తర్వాతే గింజ పెట్టింది. మా ఇంటాయనకు ఓపిక లేక యూరియా సంచి ఒకటి తెచ్చి కట్టెల వెనక పెట్టాడు. అన్నం దగ్గర అత్త ఎవరి వంకా చూడకుండా, "ఎవురో సీమ ఎరువు తెచ్చినట్టుండారే" అన్నది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన వెంటనే, "నేనేం తేలేదే" అని లేచాడు. ఆ సంచి మరునాడు ఎవరికో ఇచ్చేశాం.

ఆ ఏడు కాయ నిలిచింది, పెరిగింది. బిందె అంత అయింది. ఒకరోజు అత్త పక్కకు దొర్లించి చూస్తే అడుగున చెయ్యి లోపలికి పోయింది. తడి నేల మీద ఆనుకుని కింద నుంచి కుళ్ళిపోయింది. ఇంటి వెనక నుంచి ఆమె ఏడుపు వినబడి నేను పరుగెత్తాను. మామ పోయినప్పుడు కూడా ఆమె అట్లా గొంతెత్తి ఏడవలేదు. బిడ్డ నా కొంగు పట్టుకుని నిలబడి అంతా చూసింది.

ఆ మరుసటి ఏడు మా బిడ్డ మూడో తరగతికి వచ్చింది. ఆ ఏడు మట్టి తయారైపోయింది. నాకు కూడా తెలిసింది. పొద్దున్నే చెయ్యి పెడితే మెత్తగా లోపలికి తీసుకునేది, వాన పడిన నేల వాసన వేసేది. నాకు తెలియకుండానే నేను కూడా ఆ మట్టి పిచ్చిలో పడిపోయాను. తెల్లవారే లేచి మగపువ్వు కోసి ఆడపువ్వుకు రాసేది నేనే. తీగకు ఒకటే కాయ ఉంచి మిగతావి తుంచేశాం. కణుపు కణుపు మీదా మట్టి కప్పి, అక్కడ కూడా వేరు దిగేలా చేశాం. పిందె నిలిచాక పేడనీళ్ళు తగ్గించి, కట్టెల బూడిద, ఆముదం పిండి వేశాం. కాయ కింద ఇసుక పోసి, ప్యానళ్ళకు చుట్టి వచ్చిన అట్టలు మా ఇంటాయన తెస్తే అవి పరిచాం. ఎండకు తోలు గట్టిపడకుండా పైన నా పాత చీర కట్టాం. గుమ్మడి పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్ళిపోతుందని మా దిక్కున అందరి నమ్మకం. అందుకని బిడ్డ తన స్నేహితురాళ్ళకు పిడికిలి ముడిచి చూపించేది.

కాయ రోజురోజుకూ తేడా తెలిసేలా ఊరింది. అత్త చేతులు చాచి కౌగిలించుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది. అది అయ్యేది కాదని నా మనసుకు అనిపించేది, బిడ్డ ఇప్పుడు ఇరవై కిలోల పైమాట. కానీ ఆ నెల రేషన్ కాటా మీద బిడ్డ తూకం పెరగలేదు. పై నెల కొంచెం తగ్గింది కూడా. అత్త, "సామి దారి చూపిస్తాండాడు" అని చేతులు జోడించింది. ఎండలకు పిల్లలు కొంచెం చిక్కుతారులే అని నేను అనుకున్నాను.

ఒకరోజు నేను పార్కులో గడ్డి కోస్తుంటే బడి నుంచి ఫోను వచ్చింది. బిడ్డ ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోయిందన్నారు. కొడవలి అక్కడే పడేసి పోయాను. ఆఫీసు గదిలో బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. వాళ్ళ మిస్సు నన్ను పక్కకు పిలిచింది.

"ఈ మధ్య మధ్యాహ్నం బడిలో పెట్టే బిసియూట సరిగా తినడం లేదమ్మా. గుడ్డు ఇస్తే పక్క పిల్లకు ఇచ్చేస్తుంది. పాలు కూడా. ఇంట్లో ఏమన్నా తింటుందా?"

ఇంట్లో సగం ముద్ద తిని, బడిలో కడుపు నిండా పెట్టారని చెప్పేది. బడిలో ఏం చెప్పేదో నేను అడగలేదు. వచ్చేటప్పుడు దారిలో కానుగ చెట్టు నీడన కూర్చోబెట్టుకుని, కొట్టనని చెప్పి అడిగాను.

"నేను పెరిగితే కాయ చాలదు కదమ్మా. నేను తగ్గితే తూగుతాది. మొక్కు తీరకుంటే నేను చచ్చిపోతానంట కదా, అవ్వ మళ్ళా ఏడుస్తాది" అన్నది.

చచ్చిపోతావని ఎవరు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదన్నది. ఎవరూ చెప్పనవసరం లేదు. జ్వరం వచ్చినప్పుడల్లా అవ్వ గూటి ముందు ఏమని మొరపెట్టుకుందో మంచం మీద పడుకుని విన్నది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అత్త మీద, దేవుడి మీద, నా పాత చీర నీడలో చల్లగా కూర్చున్న ఆ కాయ మీద. బిడ్డను చంకనేసుకుని ఇంటికి నడిచాను. ఎత్తుకుంటే ఎంత తేలిగ్గా ఉందో అప్పుడు తెలిసింది.

అత్త తీగ మొదట్లో బూడిద కలుపుతోంది. మా ఇంటాయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను బిడ్డను దించి, ఇద్దరూ వినేలా అంతా చెప్పాను. గుడ్డు సంగతి, పాల సంగతి, కళ్ళు తిరిగిన సంగతి. "నీ మొక్కు బిడ్డను తింటాందత్తా" అన్నాను. నా గొంతు ఎంత లేచిందంటే పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు.

అత్త మట్టి చేతులతోనే బిడ్డను దగ్గరికి తీసుకుని, గౌను చెయ్యి పైకి లాగి, మోచేతి పైన బొటనవేలితో, చూపుడువేలితో చుట్టి చూసింది. వదిలేసి లోపలికి పోయి కొడవలి తెచ్చింది.

"ఏం చేస్తాండావమ్మా? ఇంకా నెల ఉండాది. ఇప్పుడు కోస్తే గింజ కూడా చేతికి రాదు" అన్నాడు మా ఇంటాయన. అది నిజం. అవి ఆమె పుట్టింటి గింజలు, మిగిలినవన్నీ ఆ ఏడే వేసేశాం. ఆమె వినకుండా తీగ పట్టుకుంటే, "ఉండు, నేనన్నా కోస్తా. ఆడోళ్ళు గుమ్మడికాయకు మొదటి కత్తి పెట్టగూడదు కదా" అని ముందుకు వచ్చాడు.

"తప్పుకో నాయనా" అన్నది అత్త.

తొడిమ తెగ్గోసి, కాయను అక్కడే నేల మీద కొడవలితో రెండు చేసింది. లోపల ఇంకా లేతపసుపు. గింజల్లో పాలు కూడా ఇంకా గట్టిపడలేదు. ఆమె వాటి వంక చూడలేదు. మా ఇంటి దేవుడి గుడి ఉన్న గుట్ట దిక్కుకు తిరిగి నిలబడింది.

"సామీ, ఈ కాయ నీకు లేదు. మాటిచ్చింది నేను, తప్పింది నేను. నువ్వేం తీసుకోవాలన్నా నా కాడ తీసుకో. బిడ్డ కాడికి రావద్దు" అన్నది. అరవలేదు, ఏడవలేదు. ఎదుట ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

ఆ పూట తనే ఆ కాయతో పులుసు పెట్టింది. రాగిముద్ద చేసి, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "తిను పాపా. ఎంత పెరుగుతావో పెరుగు" అన్నది. బిడ్డ ముందు నా వంక, వాళ్ళ నాయన వంక చూసింది. తర్వాత తిన్నది. మళ్ళీ వేయించుకుని తిన్నది. అత్త మాత్రం ఆ కాయ ముక్క నోట పెట్టలేదు. మిగిలింది ఊళ్ళో పంచేశాం.

ఆ గుంతలో ఇప్పుడు మేము మిరప, వంగ, ఆకుకూరలు వేసుకుంటున్నాం. ఏం వేసినా వస్తుంది. రేషన్ కాటా మీద బిడ్డను ఎవరూ నిలబెట్టరు. అన్నం దగ్గర వేళాకోళాలు మానేశాం. అంతా సర్దుకుందని నేను అనుకున్నాను.

ఆ మరుసటి వానాకాలం అత్త వాకిట్లో జారి పడింది. మోకాలు వాచిపోయింది. నేను కాపడం పెడుతుంటే ఆమె మొహంలో నొప్పి లేదు, ఏదో బరువు దిగినట్టు ఉంది. "మంచిదే. నా మీదికే వచ్చినాది" అన్నది. నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత దగ్గు వచ్చి నెలరోజులు తగ్గకపోయినా అదే మాట. పంటినొప్పికీ అదే మాట. బిడ్డకు ఆ రెండేళ్ళలో పెద్ద జ్వరం రాలేదు. లెక్క సరిగ్గా పోతోందని ఆమెకు నమ్మకం కుదిరింది.

ఇప్పుడు కళ్ళకు పొర కమ్మింది. పోయిన నెల పావగడలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. నేను పనికి సెలవు పెట్టి, చీర కట్టించి, బస్సు వస్తుందని తొందరపెట్టాను. ఆమె అరుగు మీద నుంచి లేవలేదు.

"వద్దమ్మే. ఇది సామి తీసుకుంటాండాడు. అడ్డం పడగూడదు" అన్నది.

"పొర తీసేస్తే చూపు వస్తాదత్తా. ఊళ్ళో ఎంతమంది చేయించుకోలేదు?"

"తీసుకున్నదాన్ని నేను మళ్ళా లాక్కుంటే, ఆయప్ప ఎవురి కాడికి పోతాడు?"

నాకు అరవాలనిపించింది. ఎంత కోపం వచ్చినా ఊళ్ళో వినేలా అరిచే నేను, ఆ రోజు నోరు మూసుకున్నాను. బిడ్డ లోపల జడ వేసుకుంటోంది. అవ్వ కళ్ళు ఎవరి కోసం పోతున్నాయో ఆమె చెవిన పడితే మళ్ళీ కంచం ముందు నుంచి లేచిపోతుందని నా భయం. అవ్వకు వయసైంది, ఆపరేషన్ అంటే భయపడుతోంది అని చెప్పి పెట్టాను. బస్సు వచ్చి పోయింది.

బిడ్డ సంచి తగిలించుకుని బయటికి వచ్చింది. నా భుజం దాటింది ఈ ఏడు. అత్త అడుగుల చప్పుడు విని చేతులు చాచి, దగ్గరికి లాక్కుని, నెత్తి నుంచి భుజాల మీదుగా చేతుల దాకా నిదానంగా తడిమింది.

"నేను కనబడతాండానా అవ్వా?" అని అడిగింది బిడ్డ.

"కనబడకుంటే ఏంలే పాపా, చేతికి ఇంత అందుతాండావు కదా" అన్నది మా అత్త.